నాలుగు కార్డుల పాటకి ఇంత బిల్డప్ ఎందుకు? (‘స్టాండ్ బై మీ’ గురించి)

ఆరుతీగల_అప్పడు
గిటార్ క్లాసుకి మూడు నెలల నుంచి వెళ్తున్నా. మొదటి నెలంతా వేళ్ళు బొబ్బలెక్కడంతోనే సరిపోయింది, రెండో నెల నుంచి మా సార్ ఒకే పాట పట్టుకుని వదలట్లేదు, అమెరికా గాయకుడు బెన్ ఇ. కింగ్ పాడిన ‘స్టాండ్ బై మీ’. ఏ, ఎఫ్ షార్ప్ మైనర్, డి, ఈ, మళ్ళీ ఏ, ఈ నాలుగు కార్డులే (కార్డంటే కొన్ని స్వరాల్ని కలిపి ఒకేసారి మోగించడం). ఇంతే. ఇంకోటేదైనా నేర్పండి సార్ అంటే “ఇది సరిగ్గా వస్తే సగం పాటలు వచ్చేసినట్టే” అంటాడు. నెలకి రెండు వేలు కడుతున్నా, రెండు నెలలకి నాలుగు వేలు, అంటే కార్డుకి వెయ్యి పడింది. మా అమ్మైతే వంటింట్లోంచి “ఆ ముక్క తప్ప ఇంకోటి రాదా” అని రోజూ అంటోంది. నెట్‌లో చూస్తే 1961 నాటి పాట, తర్వాత వచ్చిన మ్యూజిక్ మీద దీని ప్రభావం అంతా ఇంతా కాదు అని తెగ రాసేశారు. నా డౌట్ ఒకటే, ఈ నాలుగు కార్డులు అంతకుముందు లేవా? ఉంటే ఈ పాటకే ఎందుకింత బిల్డప్? తెలిసినవాళ్ళు చెప్పండి, తిట్టకండి.

ట్యాంక్‌బండ్_తమ్ముడు
నాలుగు కార్డులంటే ఆధార్, పాన్, రేషన్, ఏటీఎం అనుకొని లోపటికొచ్చిన. ఇది వేరే లొల్లి లెక్కున్నది.

కీస్_కిట్టు
నీ డౌట్ కరెక్టే. ఆ కార్డులు బెన్ ఇ. కింగ్ తాత సొత్తేం కాదు. 1934లో వచ్చిన ‘బ్లూ మూన్’ చూడు, 1938లో వచ్చిన ‘హార్ట్ అండ్ సోల్’ చూడు, పియానో నేర్చుకునే పిల్లలు ఇద్దరు పక్కపక్కన కూర్చుని టకటకలాడించేది అదే కదా, దాదాపు అదే వరస. ఇక 50ల్లో అమెరికాలో నల్లజాతి కుర్రాళ్ళు నలుగురైదుగురు వీధి మూల నిలబడి గొంతులతోనే పాడే డూ-వాప్ పాటలు చాలావరకు ఈ వరసలోనే ఉంటాయి. అందుకే దీన్ని ఫిఫ్టీస్ ప్రోగ్రెషన్ అంటారు. నేను స్టూడియోల్లో కీబోర్డ్ ప్రోగ్రామింగ్ చేస్తుంటా, ఎవరైనా “కొంచెం పాతకాలం ఇంగ్లిష్ ఫీల్ కావాలి” అన్నారంటే చెయ్యి దానంతటదే ఇటే పోతుంది. కాబట్టి ఈ పాట వల్ల మ్యూజిక్ మారిపోయిందనేది కొంచెం అతి అనే నా లెక్క.

బెజవాడ_బేస్
కిట్టు అన్నా, నువ్వు కార్డులే చూస్తున్నావు, పాట కార్డుల్లో లేదు. పాట మొదలయ్యేదెలా? గిటార్ స్ట్రమ్మింగ్‌తోనా? కాదు. డబుల్ బేస్ (మనిషంత ఎత్తు వయొలిన్ లాంటిది) ఒక్కటే వస్తుంది, దూమ్ దూమ్, దుదుదూమ్ దూమ్, పక్కన ట్రయాంగిల్ టింగుమంటూ, ఇంకోపక్క గీరల సొరకాయ మీద పుల్లతో గీకినట్టు గర్రు గర్రుమని చప్పుడు. అంతే. గొంతు లేదు, వయొలిన్లు లేవు. ఆ మొదటి రెండు సెకన్లు వినిపిస్తే చాలు, ప్రపంచంలో ఏ మూలైనా జనం గుర్తుపడతారు. పేరు తెలియకపోయినా “ఆ... ఆ పాట” అంటారు. కార్డుల్ని చూసి ఎవరైనా గుర్తుపడతారా చెప్పు?

ఇంకో మాట. అప్పడూ, నువ్వు లెక్కపెట్టి వాయించు, ఒకటీ రెండూ మూడూ నాలుగూ అంటే ఒక బార్. ఏ రెండు బార్లు, ఎఫ్ షార్ప్ మైనర్ రెండు బార్లు, డి ఒకటి, ఈ ఒకటి, తర్వాత మళ్ళీ ఏ రెండు బార్లు. మొత్తం ఎనిమిది. ‘బ్లూ మూన్’ లాంటివాటిలో కార్డులు గబగబా తిరుగుతూనే ఉంటాయి, గానుగెద్దు లాగా. ఇక్కడ మాత్రం ఊరంతా తిరిగొచ్చి అరుగు మీద చతికిలబడినట్టు ఏ దగ్గర రెండు బార్లు కూర్చుంటుంది. ఆ నిదానమే ఈ పాట. దీన్నే తర్వాతోళ్ళు పట్టుకుపోయారు. ఇంకో తమాషా ఏంటంటే ఈ చక్రం పాటంతా ఒక్కసారి కూడా మారదు. పల్లవికి వేరే, చరణానికి వేరే అని లేదు. మొదటి నుంచి చివరి దాకా అదే ఎనిమిది బార్లు. అయినా బోరు కొట్టదు, ఎందుకంటే ఒక్కో చక్రానికి ఒక్కోటి వచ్చి కలుస్తుంది, ముందు గొంతు, తర్వాత కోరస్, తర్వాత వయొలిన్లు, మధ్యలో గొంతాపేసి వయొలిన్లకే పాట అప్పజెప్తారు.

ఆరుతీగల_అప్పడు
ఏ దగ్గర రెండు బార్లు కూర్చోవాలా?? నేను ఒకటే వాయించి వెంటనే మళ్ళీ మొదలెడుతున్నా. సార్ రోజూ “తొందర, తొందర” అని అరిచేది ఇందుకేనా, నేనింకా ఫీజు తొందరగా కట్టమంటున్నాడేమో అనుకున్నా.

ట్యాంక్‌బండ్_తమ్ముడు
😂😂 నాలుగు వేలు కడితే రెండు బార్లు మిగిలినయ్. హైదరాబాద్‌ల నాలుగు వేలకు ఏ బార్‌ల కూడా గట్ల కూసోనియ్యరు భై.

కీస్_కిట్టు
బేస్ బాబు చెప్పిన ఎనిమిది బార్ల మాట బావుంది, ఒప్పుకుంటున్నా. దీన్ని పట్టుకునే ఇంకోటి చెప్తా. 1983లో ది పోలీస్ వాళ్ళ ‘ఎవ్రీ బ్రెత్ యూ టేక్’ ఉంది కదా, ఆ కార్డులు కూడా దగ్గరదగ్గర ఇవే, ఇదే తీరు. కానీ మొదటిసారి చుట్టు పూర్తయ్యేటప్పుడు ఇంటికి, అంటే మొదటి కార్డుకి రావాల్సింది పోయి దిగులుగా మోగే మైనర్ కార్డులోకి జారుతుంది. ఆ ఒక్క జారుడుతో పాట మొత్తం అనుమానప్పక్షి పాట అయిపోయింది, వాడేమో “నువ్వెక్కడికెళ్ళినా చూస్తూనే ఉంటా” అంటాడు, జనం దాన్ని పెళ్ళిళ్ళలో పెట్టుకుంటారు. ఇది ‘స్టాండ్ బై మీ’ చూసి రాశారని నేననట్లేదు, వినేవాళ్ళ చెవికి మాత్రం ఆ దారి అప్పటికే అలవాటైపోయి ఉంది కాబట్టే ఆ జారుడు చురుక్కుమంటుంది.

క్వయర్_కరుణ
మీరందరూ గిటార్ వైపు నుంచి మాట్లాడుతున్నారు, నేను చర్చి వైపు నుంచి చెప్తా. గుంటూరు దగ్గర మా సంఘంలో పదిహేనేళ్ళ నుంచి క్వయర్‌లో ఉన్నా. ఈ పాట నేను మొదటిసారి విన్నప్పుడు ఇంగ్లిష్ అంతగా రాదు, అయినా రెండో చరణం దగ్గర ఆగిపోయా. ఆకాశం కూలినా, కొండలు విరిగి సముద్రంలో పడినా నేను ఏడవను అంటాడు చూడండి, అది ఎక్కడో విన్నట్టుందే అనుకున్నా. 46వ కీర్తన! భూమి మారిపోయినా, కొండలు నడి సముద్రంలో మునిగినా మేం భయపడం అని మా నానమ్మ ప్రతి తుపానుకీ లాంతరు పక్కన పెట్టుకుని చదివేది. 77 ఉప్పెనలో ఆవిడ దివిసీమ వైపు చుట్టాల్ని పోగొట్టుకుంది, అందుకే ఆ కీర్తన ఆవిడ నోట్లో ఉత్త మాట కాదు. ఆ వాక్యమే ఒక ప్రేమ పాటలో వినపడితే నాకు ఒళ్ళు జలదరించింది.

తర్వాత తెలిసింది, దీనికి మూలం గాస్పెలే, అంటే అమెరికాలో నల్లవాళ్ళ చర్చిల్లో పాడే పాటలు. 1905లో ఫిలడెల్ఫియాలో చార్లెస్ ఆల్బర్ట్ టిండ్లీ అనే పాస్టర్ గారు ‘స్టాండ్ బై మీ’ అనే కీర్తన రాశారు, జీవితంలో తుపాన్లు రేగినప్పుడు నా పక్కన నిలబడు ప్రభువా అని. ఆయన తండ్రి బానిస. ఆయన ఏ చర్చిలో ఊడ్చే పని చేశారో తర్వాత అదే సంఘానికి పాస్టర్ అయ్యారు. ఆ తర్వాత 1960 ప్రాంతంలో సోల్ స్టిరర్స్ అనే గాస్పెల్ గ్రూపు ‘స్టాండ్ బై మీ ఫాదర్’ అని పాడింది, దాన్ని రాసినవాళ్ళలో శామ్ కుక్ ఒకరు. దాని నుంచే తనకు ఆలోచన వచ్చిందని బెన్ ఇ. కింగ్ గారే చెప్పుకున్నారు. కాబట్టి “తర్వాతి సంగీతం మీద ప్రభావం” అంటున్నారు కదా, ముందు దీని మీద ఎవరి ప్రభావముందో చూడండి.

పాతరేడియో
కరుణగారు చెప్పింది ఈ థ్రెడ్‌లో అన్నిటికన్నా అసలైన సంగతి. చర్చి పాట తీరులోనే ప్రేమ పాటలు పాడే సోల్ సంగీతం పుట్టుకే అది. 1954లో రే చార్ల్స్ ఒక గాస్పెల్ పాట వరస తీసుకుని యేసు ఉన్నచోట ఆడమనిషిని పెట్టి ‘ఐ గాట్ ఎ వుమన్’ చేశాడు, చర్చివాళ్ళు దుమ్మెత్తిపోశారు. శామ్ కుక్ అయితే గాస్పెల్‌లో ఉంటూనే 1956-57 ప్రాంతంలో మొదటి ప్రేమ పాట విడుదల చేస్తూ భయపడి డేల్ కుక్ అని దొంగపేరు పెట్టుకున్నాడు. గొంతు విన్న ప్రతివాడూ పోల్చేశాడు, అది వేరే విషయం. ఆ గొంతు దాస్తే దాగేదా!

ఇక్కడ నాకు మన క్షేత్రయ్య గుర్తొస్తాడు. మనవాళ్ళు దేవుణ్ణే ప్రియుణ్ణి చేసేశారు, మువ్వగోపాలుడు రాత్రంతా ఎక్కడికెళ్ళాడని నాయిక నిలదీస్తుంది. వాళ్ళేమో దేవుణ్ణి తీసేసి ఆ జాగాలో ప్రియురాలిని కూర్చోబెట్టారు. దారి ఒకటే, నడక ఎదురెదురు.

స్వరమంజరి
పాతరేడియో గారు, క్షేత్రయ్యని ఇందులోకి లాగకండి ప్లీజ్. పదంలో నాయిక దేవుడితో పోట్లాడుతుంది, అలుగుతుంది, డబ్బు మాట కూడా ఎత్తుతుంది. ‘స్టాండ్ బై మీ’లో అలకెక్కడుంది, పోట్లాటెక్కడుంది? పక్కన నిలబడు అని బతిమాలడం తప్ప. అది శృంగారం కాదు, శరణాగతి. పోల్చాలంటే రామదాసుతో పోల్చండి. పైగా పదం విలంబంలో ఒక్కో మాటనీ పిండుతుంది, ఇది నాలుగు కార్డుల మీద మూడు నిమిషాల్లో అయిపోతుంది.

పాతరేడియో
రామదాసు కూడా తిట్టాడు కదమ్మా, ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావని. బతిమాలేవాళ్ళు తిడతారు కూడా. కానీ శరణాగతి అన్న మాట నిజమే, నేను తొందరపడ్డాను. ఆ పాటలో “డార్లింగ్” అన్న మాట తీసేసి వింటే అది మళ్ళీ ప్రార్థన అయిపోతుంది.

క్వయర్_కరుణ
అయిపోవడం కాదండీ, చేశారు కూడా! 1962లో ఇటలీలో ఆద్రియానో చెలెంతానో ఇదే ట్యూన్‌కి ఇటాలియన్‌లో ‘ప్రెగెరో’ అని పాడాడు, అంటే ప్రార్థిస్తాను అని. ఏడాది తిరిగేసరికి పాట మళ్ళీ గుడిమెట్లెక్కింది.

ట్యాంక్‌బండ్_తమ్ముడు
చర్చిల కెళ్ళి బయటికొచ్చి ప్రేమల పడి, ఇటలీ పోయి మళ్ళ చర్చికే పోయిందా. మా దోస్తు ఒకడు గిట్లనే, ప్రతి బ్రేకప్‌కు యాదగిరిగుట్ట పోతడు.

న్యూజెర్సీ_నాని
ఎక్కువ ఫిలాసఫీ అయిపోయింది. నేను చెప్పేది సింపుల్, ఈ పాట ఇవాళ అందరికీ తెలుసంటే కారణం సినిమా, అంతే. 1961లో అమెరికా పాప్ చార్టులో నాలుగో స్థానం దాకా వెళ్ళింది, నల్లజాతి సంగీతపు చార్టు ఆర్ అండ్ బీలో నంబర్ వన్. మంచి హిట్టే, కానీ అలాంటివి ఆ ఏడాది ఇంకా చాలా ఉన్నాయి, వాటినెవడు వింటున్నాడు ఇప్పుడు? 1986లో రాబ్ రైనర్ నలుగురు పిల్లల సినిమా తీసి దానికి ఈ పాట పేరే పెట్టాడు, స్టీఫెన్ కింగ్ రాసిన కథకి ‘ది బాడీ’ అని వేరే పేరుంది అసలు. వెంటనే పాట మళ్ళీ చార్టుల్లో తొమ్మిదో స్థానానికి వచ్చింది, పాతికేళ్ళ పాట! ఆ వెంటనే బ్రిటన్‌లో జీన్స్ ప్యాంట్ల యాడ్‌లో వేశారు, 1987 ఫిబ్రవరిలో అక్కడ నంబర్ వన్. అదే వారాల్లో దాని కిందే రెండో స్థానంలో ఉన్నది ఇంకో పాత సోల్ పాట, పెర్సీ స్లెడ్జ్ ‘వెన్ ఎ మాన్ లవ్స్ ఎ వుమన్’, అదీ ఆ జీన్స్ యాడ్ పుణ్యమే. అంటే ప్యాంట్లు అమ్మినవాళ్ళు సోల్ మ్యూజిక్‌ని బతికించారన్నమాట. మా ఆఫీసులో ఉన్న అమెరికన్లకి నలభై దాటినవాళ్ళందరికీ ఈ పాటంటే ఆ రైలు పట్టాల మీద నడిచే పిల్లలే గుర్తొస్తారు, బెన్ ఇ. కింగ్ పేరు సగం మందికి తెలీదు.

బెజవాడ_బేస్
నాని బ్రో, సినిమా కొత్త ప్రాణం పోసింది అంటే ఒప్పుకుంటా, సినిమా వల్లే బతికింది అంటే ఒప్పుకోను. 61కీ 86కీ మధ్య ఎవరూ ముట్టుకోలేదా? ఓటిస్ రెడ్డింగ్ 1964లో పాడాడు. జాన్ లెనన్ 1975లో పాడాడు, గొంతు చించుకుని, ఏడుస్తున్నాడా అరుస్తున్నాడా తెలీకుండా, నాకైతే ఒరిజినల్ తర్వాత అదే. 1980లో మికీ గిల్లీ అనే ఆయన కంట్రీ స్టయిల్లో పాడితే కంట్రీ చార్టులో నంబర్ వన్ అయింది. సోల్ పాట, రాక్‌వాడు పాడితే రాక్ పాటయింది, టోపీ పెట్టుకున్న కౌబాయ్ పాడితే కౌబాయ్ పాటయింది. ఇది ఎన్ని పాటలకి కుదురుతుంది?

మిమిక్రీ_మూర్తి
అందరూ ముఖ్యమైనవాణ్ణి మర్చిపోయారు. స్పైడర్ టర్నర్! 1967లో ఈ పాటని మిమిక్రీ చేస్తూ హిట్ కొట్టాడు. నిజంగా. పాట పాడుతూ పాడుతూ, ఇదే ఫలానా ఆయన పాడితే ఎలా ఉంటుందో చూడండి అంటూ జాకీ విల్సన్ గొంతు, స్మోకీ రాబిన్సన్ గొంతు, ఇంకా ఒకళ్ళిద్దరివి వరసగా దించేశాడు. మన ఊళ్ళల్లో వినాయకచవితి పందిట్లో ఎన్టీఆర్, ఏఎన్నార్, ఎస్వీఆర్ ఒకే డైలాగ్ చెప్తే ఎలా ఉంటుందో చేస్తారు చూడండి, సేమ్ టు సేమ్. నేరెళ్ళ వేణుమాధవ్ గారి గడ్డ మీద పుట్టినవాణ్ణి, నేను గుర్తుచేయకపోతే ఎవరు చేస్తారు. ఒక పాట మీద మిమిక్రీ చేస్తే జనానికి అర్థమైందంటే ఆ పాట ఆరేళ్ళలోనే అందరి నోళ్ళలో నానిందని అర్థం.

ట్యాంక్‌బండ్_తమ్ముడు
మహమ్మద్ అలీ బీ పాడిండట గదా ఈ పాట? ఎక్కడో సదివిన, నిజమేనా, లేక వాట్సాప్ ముచ్చటనా.

మిమిక్రీ_మూర్తి
నిజమే తమ్ముడూ. అప్పటికింకా ఆయన పేరు కాషియస్ క్లే, బాక్సర్ లిస్టన్‌తో ఫైట్‌కి ముందు రోజుల్లో 63లో ఒక రికార్డు చేశాడు, దాని పేరే ‘ఐ యామ్ ద గ్రేటెస్ట్’. ఆ రోజుల్లోనే ఈ పాట కూడా పాడాడు. గొంతు పర్లేదు. బాలేదని ఆయన మొహం మీద చెప్పే ధైర్యం ఎవడికుంటుంది గానీ.

నోకియా_నాయుడు
నా కథ విని నవ్వకండి. 2007, ఇంజినీరింగ్ మూడో సంవత్సరం, హాస్టల్లో సగం మంది రింగ్‌టోన్ షాన్ కింగ్‌స్టన్ ‘బ్యూటిఫుల్ గర్ల్స్’. బ్లూటూత్‌లో ఒకడి నుంచి ఒకడికి, ఇరవై నాలుగు గంటలూ అదే దూమ్ దూమ్. నేను కూడా పెట్టుకున్నా. దసరాకి ఇంటికెళ్తే ఫోన్ మోగింది, మా నాన్న పేపర్ కిందికి దించి “ఇది మా కాలం పాట కదరా, నీకెక్కడ దొరికింది” అన్నారు. ఆయన 70ల్లో విశాఖ పోర్టులో పనిచేసేప్పుడు ఓడల మీద వచ్చే విదేశీ కుర్రాళ్ళ దగ్గర క్యాసెట్లు కొనేవారు. నేను “లేదు నాన్నా ఇది ఈ ఏడాదే వచ్చింది, పదిహేడేళ్ళ కుర్రాడు పాడాడు” అని వాదించా. ఆయన ఇంకేం మాట్లాడకుండా ఆ బేస్ మీదే లోగొంతులో ఒరిజినల్ పాడారు, కొలిచినట్టు సరిపోయింది. నేను నోరెళ్ళబెట్టా. మా నాన్న ఇంగ్లిష్ పాట పాడగా వినడం అదే మొదటిసారి, అదే ఆఖరు కూడా.

క్వయర్_కరుణ
నాయుడు గారూ, ఈ థ్రెడ్‌లో అన్నిటికన్నా ఇది బావుంది.

లాయర్_బాబ్జీ
నాయుడు గారి నాన్నగారి చెవి కోర్టులో నిలబడే సాక్ష్యం. ‘బ్యూటిఫుల్ గర్ల్స్’ రచయితల జాబితాలో ‘స్టాండ్ బై మీ’ రాసిన ముగ్గురు, బెన్ ఇ. కింగ్, జెర్రీ లీబర్, మైక్ స్టోలర్ పేర్లు ఉన్నాయి. కార్డులు వాడుకున్నందుకు కాదు, కార్డుల వరస మీద ఎవరికీ హక్కులుండవు, ఉంటే సగం ప్రపంచం జైల్లో ఉంటుంది. ఆ బేస్ లైన్ తీసుకున్నందుకు. కాబట్టి బెజవాడ బేస్ గారు మొదట్లో అన్నదే కరెక్ట్, ఈ పాట ఆస్తి అంతా ఆ బేస్‌లో ఉంది, డబ్బుతో సహా.

ఇంకో చిన్న విషయం. 61 నాటి రికార్డు మీద రచయితల పేర్లు చూస్తే బెన్ ఇ. కింగ్, ఎల్మో గ్లిక్ అని ఉంటుంది. ఎల్మో గ్లిక్ అనే మనిషే లేడు, అది లీబర్, స్టోలర్ ఇద్దరూ కలిపి పెట్టుకున్న పేరు.

కీస్_కిట్టు
ఆ బేస్ కట్టింది స్టోలర్ కదా? కింగ్, లీబర్ కలిసి మాటలు రాసుకుంటుంటే తను గదిలోకొచ్చి పియానో ముందు కూర్చుని ఎడమచేత్తో ఆ దూమ్ దూమ్ పట్టుకున్నానని ఆయనే చెప్పేవాడు. మరి పాట కింగ్‌దా స్టోలర్‌దా?

లాయర్_బాబ్జీ
రెండు కథలున్నాయి. కింగ్ చెప్పేదేమో, 1960 అక్టోబర్ 27న ‘స్పానిష్ హార్లెమ్’ రికార్డింగ్ అయ్యాక స్టూడియో టైమ్ మిగిలింది, ఇంకేమైనా ఉందా అంటే ఈ పాట వినిపించా అని. స్టోలర్ చెప్పేదేమో కిట్టు గారన్నది. రెండూ ఒకే రోజు రికార్డయ్యాయన్న దాంట్లో గొడవ లేదు. నా దృష్టిలో, ప్రార్థన తెచ్చింది కింగ్, ఆ ప్రార్థనకి కాళ్ళిచ్చింది స్టోలర్. కాళ్ళు లేకపోతే ఇంత దూరం నడిచేది కాదు.

కీస్_కిట్టు
కాళ్ళు అంటే గుర్తొచ్చింది, ఆ కాళ్ళు అచ్చంగా అమెరికావి కూడా కాదు. లీబర్, స్టోలర్‌కి బ్రెజిల్ బయావ్ రిథమ్ అంటే పిచ్చి. కింగ్ డ్రిఫ్టర్స్ అనే గ్రూపులో ఉన్నప్పుడే 1959లో ‘దేర్ గోస్ మై బేబీ’లో వాడారు, దానికి మీద వయొలిన్లు దట్టించారు, విన్నవాళ్ళు రెండు స్టేషన్లు ఒకేసారి మోగుతున్నట్టుందన్నారు, అయినా చార్టులో రెండో స్థానానికి వెళ్ళింది. ఆ గీకుడు వాయిద్యం గీరో, ట్రయాంగిల్, అవన్నీ అటువైపు నుంచి వచ్చిన గాలే. అందుకే 2010లో ప్రిన్స్ రాయ్స్ అనే కుర్రాడు దీన్ని బచాటా అనే డొమినికన్ డాన్స్ సంగీతంలో, సగం స్పానిష్ సగం ఇంగ్లిష్ కలిపి పాడితే ఎక్కడా అతుకు కనపడలేదు. లాటిన్ గ్రామీల్లో కింగ్ తాత కూడా పక్కన నిలబడి పాడాడు. నేను మొదటి పోస్టులో “అతి” అన్నాను కదా, సగం వెనక్కి తీసుకుంటున్నా. సగమే.

స్వరమంజరి
మిగతా సగం?

కీస్_కిట్టు
మిగతా సగం ఏంటంటే, ప్రభావం అనే మాట అందరూ ఒకే గాటన కట్టేస్తున్నారు. ఎవరైనా పాటని మళ్ళీ పాడితే అది ప్రేమ. ముక్క కోసుకుని కొత్త పాట చేస్తే అది వాడకం. ప్రభావం అంటే ఆ పాట విన్నాక వేరే రకంగా పాట కట్టడం మొదలుపెట్టాలి. ఆ లెక్కన జేమ్స్ బ్రౌన్ డ్రమ్మర్లది పెద్ద ప్రభావం, హిప్‌హాప్ సగం వాళ్ళ మీదే నిలబడింది. ‘స్టాండ్ బై మీ’ని జనం ఎక్కువగా ప్రేమించారు, అంతే.

బెజవాడ_బేస్
పోనీ ఇలా చూడు. 61కి ముందు బేస్ అంటే వెనకాల కూర్చుని లెక్కపెట్టేవాడు. పెళ్ళిలో డోలు సన్నాయి ముందు నడుస్తుంటే శ్రుతిపెట్టె పట్టుకుని వెనక వచ్చే కుర్రాడిలాగ. ఈ పాటలో వాడే ముందొచ్చి నిలబడ్డాడు, వాడి ముక్కే పాట మొహం అయింది. 64లో టెంప్టేషన్స్ ‘మై గర్ల్’ మొదలయ్యేది కూడా బేస్‌తోనే కదా, ఆ తర్వాతే గిటార్ మెట్లెక్కుతుంది. దాన్ని చూసి ఇది చేశారని రుజువు నా దగ్గర లేదు, కానీ బేస్ వాయించేవాడిగా నాకు మాత్రం ఆ తలుపు తీసింది ఈ పాటే. నేను గిటార్ వదిలేసి బేస్ పట్టుకున్నది దీని వల్లే. అది ప్రభావం కాదా?

కీస్_కిట్టు
నీ మీద ప్రభావం. బెజవాడ మీద ప్రభావం పడిందో లేదో ఇంకా తేలాలి 😄

న్యూజెర్సీ_నాని
2018 హ్యారీ, మేగన్ పెళ్ళి ఎవరూ చెప్పలేదేంటి. విండ్సర్ కోటలో చర్చిలో కింగ్‌డమ్ క్వయర్ ఈ పాటే పాడింది, మెల్లగా, చప్పట్లు గిప్పట్లు లేకుండా. మా ఆవిడ తెల్లవారుజామున లేచి మరీ చూసింది, నన్ను కూడా లేపింది. కరుణగారు అన్నట్టు మళ్ళీ చర్చికే చేరింది పాట.

క్వయర్_కరుణ
అది నేనూ చూశాను నాని గారు. ఆ క్వయర్ నడిపిన కేరెన్ గిబ్సన్ గారు తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పారు, ఇంకా తగ్గించండి, ఇంకా తగ్గించండి అంటూ పాటని చాలాసార్లు మార్పించారని. క్వయర్ నడిపేవాళ్ళకే తెలుస్తుంది ఆ బాధ. మా సంఘంలో పెళ్ళికూతురి మేనమామ ఒకాయన మూడుసార్లు శ్రుతి మార్పించి చివరికి “మొదటిదే బావుంది” అన్నాడు. నాకైతే ఆ రోజు వాళ్ళు తగ్గించి పాడాకే మాటలు వినపడ్డాయి. ఆ రాజులూ రాణులూ టోపీలూ మధ్యలో నల్లవాళ్ళు నిలబడి పాడుతుంటే, ఊడ్చే పని చేసిన టిండ్లీ గారు గుర్తొచ్చారు.

పాతరేడియో
2015 మార్చిలో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళు ఈ రికార్డుని భద్రపరచాల్సిన జాబితాలో చేర్చారు. ఏప్రిల్ 30న బెన్ ఇ. కింగ్ పోయాడు, 76 ఏళ్ళు. ఆ కబురు వినే పోయాడన్నది నాకో తృప్తి. జీతం దగ్గర పేచీ వచ్చి డ్రిఫ్టర్స్ నుంచి బయటికొచ్చిన మనిషి ఆయన. ఈ పాట ముందు వాళ్ళకే ఇవ్వబోతే అక్కర్లేదన్నారట. అక్కర్లేదన్న పాట, 1999లో బీఎమ్ఐ అనే, పాటల రాయల్టీలు వసూలుచేసే సంస్థ వాళ్ళు లెక్కతీస్తే 20వ శతాబ్దంలో అమెరికా రేడియో టీవీల్లో ఎక్కువసార్లు మోగినవాటిలో నాలుగోది, డెబ్బై లక్షల సార్లు.

ట్యాంక్‌బండ్_తమ్ముడు
డెబ్బై లక్షలు. అప్పడన్న వాళ్ళ అమ్మ వంటింట్ల కెళ్ళి విన్నది కలుపుకుంటె ఇంకో లచ్చ.

ఆరుతీగల_అప్పడు
అయ్యా బాబోయ్, నేనేదో ఫీజు బాధలో అడిగితే క్షేత్రయ్య నుంచి కౌబాయ్ దాకా తిప్పారు. అప్‌డేట్ ఇస్తున్నా. నిన్న రాత్రి బెజవాడ అన్న చెప్పినట్టు లెక్కపెట్టి వాయించా, ఏ దగ్గర రెండు బార్లు ఆగి. మొదట్లో ఆగలేకపోయా, చెయ్యి దానంతటదే పరిగెత్తుతోంది, నోటితో ఒకటీ రెండూ మూడూ నాలుగూ అని అరుచుకుంటూ ఆపా. పది చుట్లు తిరిగాక సడన్‌గా కుదిరింది. వంటింట్లో తిరగమోత చప్పుడు ఆగింది. అమ్మ గుమ్మం దాకా వచ్చి గరిటె పట్టుకుని నిలబడి, “ఇదేదో వేరే పాటలా ఉందే, ఇదెప్పుడు నేర్పాడు మీ సారు?” అంది.

ఒక్క డౌట్ మాత్రం మిగిలింది. ఎఫ్ షార్ప్ మైనర్ బారే కార్డ్ (చూపుడువేలు అడ్డంగా పెట్టి తీగలన్నీ నొక్కేది) పడితే ఆ వేలు విరిగిపోతోంది, వేరే దారేమైనా ఉందా?

బెజవాడ_బేస్
రెండో ఫ్రెట్‌లో కేపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్) పెట్టి జి, ఈ మైనర్, సి, డి షేపులు వాయించు, అదే శ్రుతి వస్తుంది, బారే బాధ ఉండదు. మీ సార్‌కి చెప్పకు, ఆ బారే కోసమే ఆయన ఇంకో నెల లాగుతున్నాడు.

ట్యాంక్‌బండ్_తమ్ముడు
కేపో ఎంతుంటదన్నా? కోఠిల దొరుకుతదా?

బెజవాడ_బేస్
దొరుకుద్ది. నీకెందుకు, నీ దగ్గర గిటార్ కూడా లేదు కదా?

ట్యాంక్‌బండ్_తమ్ముడు
ముందుగాల కేపో కొంట. గిటార్ తర్వాత సూద్దం.